ఆరు ఛార్జ్‌బ్యాక్‌లు: ఏది ఒప్పుకోవాలి, ఏది కంటెస్ట్ చేయాలి

తెలంగాణ నుంచి అమెరికాకు చేనేత చీరలు పంపే ఆన్‌లైన్ షాపులకు తరచూ వచ్చే డిస్ప్యూట్లను, అంటే కస్టమర్లు తమ కార్డు బ్యాంకుకు చేసే ఫిర్యాదులను, ఒకే షాపు ఫైలుగా కూర్చి రాసిన కేసు ఇది. పేర్లు లేవు, మొత్తాలు గుండ్రం చేశాం. నిబంధనలు, గడువులు మాత్రం నిజంగా ఉన్నవే.

2025 దసరా, దీపావళి సీజన్ ముగిసేసరికి షాపు చేతిలో ఆరు ఛార్జ్‌బ్యాక్‌లున్నాయి. కార్డుదారు ఫిర్యాదు మీద బ్యాంకు షాపు నుంచి డబ్బు వెనక్కి లాక్కోవడమే ఛార్జ్‌బ్యాక్. దానికి ఆధారాలతో ఎదురు జవాబివ్వడమే కంటెస్ట్. మొత్తం ₹1,06,900. షాపు ఖాతాకు రావాల్సిన సెటిల్‌మెంట్‌లోంచి ఆ డబ్బు అప్పటికే కోతపడింది. యజమాని మొదటి మాట "అన్నీ కంటెస్ట్ చేద్దాం, చీరలు పంపాం కదా" అని. రెండు రోజుల తర్వాత రెండో మాట "వదిలేద్దాం, బ్యాంకులు ఎలాగూ కస్టమర్ పక్షమే" అని. రెండూ తప్పే. షాపు తరఫున జవాబులు రాసింది మేం. ఆరింటిలో నాలుగు కంటెస్ట్ చేసి మూడు గెలిచాం. రెండు మొదటి రోజే ఒప్పుకున్నాం. ఒకటి ఓడిపోయాం. ఆ ఓటమికి కారణం బ్యాంకు కాదు.

ముందు చూడాల్సింది రీజన్ కోడ్

డిస్ప్యూట్ రాగానే కస్టమర్ పేరు, మొత్తం చూసి కోపం తెచ్చుకోవడం సహజం. కానీ ఇష్యూయింగ్ బ్యాంకు, అంటే కస్టమర్‌కు కార్డు ఇచ్చిన బ్యాంకు, అడిగిన ప్రశ్న రీజన్ కోడ్‌లో, అంటే ఫిర్యాదు కారణం చెప్పే నంబరులో, ఉంటుంది. ఆ ప్రశ్నకే జవాబివ్వాలి. వీసాలో 10.4 అంటే "ఈ కొనుగోలు నేను చేయలేదు" అని. 13.1 అంటే సరుకు అందలేదని, 13.3 అంటే చెప్పినట్టు లేదని, 13.6 అంటే రీఫండ్ ఇస్తామని ఇవ్వలేదని. మాస్టర్‌కార్డ్‌లో మొదటిది 4837. సరుకు గొడవలన్నీ దాదాపుగా 4853 కిందికే వస్తాయి.

"నేను కొనలేదు" అన్నవాళ్ళకు "చీర నాణ్యమైనది" అని, అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ ఫొటో పంపితే అది జవాబు కాదు. "అందలేదు" అన్నవాళ్ళకు బిల్లు పంపినా అంతే. ఓడిపోయే జవాబుల్లో ఎక్కువ భాగం అబద్ధాలు కావు, అడగని ప్రశ్నకు చెప్పిన నిజాలు.

గడువు రెండో విషయం. కార్డుదారుకు మామూలుగా 120 రోజులు ఉంటాయి. సరుకు అందలేదన్న కేసుల్లో ఆ లెక్క డెలివరీ కావాల్సిన తేదీ నుంచి మొదలవుతుంది కాబట్టి ఆర్డరు పాతదైనా డిస్ప్యూట్ రావచ్చు. షాపుకు ఉండే సమయం అంతకంటే చాలా తక్కువ. కార్డు నెట్‌వర్క్ (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి) బ్యాంకులకు ఇచ్చే గడువు మీది కాదు. అందులోంచి మీ బ్యాంకు, మీ గేట్‌వే (సైటులో కార్డు చెల్లింపులు నడిపే సంస్థ) తమ పనికి కొంత తీసుకోగా మిగిలిందే మీకు, ఒక్కోసారి వారం పది రోజులే. డాష్‌బోర్డులో కనిపించే తేదీయే చివరి తేదీ. ఒక్క రోజు దాటినా ఒప్పుకున్నట్టే లెక్క.

మూడోది, అన్నిటికంటే ఖరీదైన పొరపాటు: ఛార్జ్‌బ్యాక్ వచ్చాక జాలిపడో భయపడో కస్టమర్‌కు విడిగా రీఫండ్ పంపడం. డబ్బు ఒకసారి బ్యాంకు దారిలో, ఇంకోసారి మీ దారిలో పోతుంది. ఇవ్వాలనుకుంటే డిస్ప్యూట్‌నే యాక్సెప్ట్ చేయండి.

₹38,500: మొదటి రోజే ఒప్పుకున్నది

అన్నిటిలోకి పెద్ద మొత్తం ఇదే. పోచంపల్లి డబుల్ ఇక్కత్ పట్టుచీర, కోడ్ 10.4. యజమానికి దీన్ని వదలబుద్ధి కాలేదు. ట్రాకింగ్‌లో డెలివరీ అయినట్టు స్పష్టంగా ఉంది, సంతకం కూడా ఉంది.

గేట్‌వే లాగ్ తెరిస్తే వేరే కథ కనిపించింది. పదకొండు నిమిషాల్లో మూడు కార్డులు ప్రయత్నించారు. రెండు డిక్లైన్, మూడోది పాస్. కార్డు బిల్లింగ్ ఒక రాష్ట్రం, డెలివరీ ఇంకో రాష్ట్రం. కొత్త ఈమెయిల్, మొదటి ఆర్డరు, అందులోనూ అన్నిటికంటే ఖరీదైన చీర, ఎక్స్‌ప్రెస్ షిప్పింగ్. ఇది దొంగ కార్డు. చీర అందింది నిజమే, అందుకున్నది కార్డుదారు కాదు. డెలివరీ ప్రూఫ్ ఎంత గట్టిదైనా ఇక్కడ అది దొంగకు చేరిందనే రుజువు చేస్తుంది.

ఓటీపీ అడగలేదా అని ప్రశ్న. మన దేశంలో జారీ అయిన కార్డుతో ఇక్కడి సైటులో కొంటే ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 నుంచే అమలు చేస్తోంది. అమెరికా బ్యాంకు ఇచ్చిన కార్డుకు ఆ నియమం వర్తించదు. గేట్‌వేలో విదేశీ కార్డులకు త్రీడీ సెక్యూర్ (కొంటున్నది కార్డుదారేనా అని కార్డు బ్యాంకే ధ్రువీకరించే పద్ధతి) ఆన్ చేసి, ఆ లావాదేవీ ధ్రువీకరణ పూర్తిచేసుకుంటే, మోసం తాలూకు నష్టం ఇష్యూయింగ్ బ్యాంకు మీదికి వెళ్తుంది. ఈ షాపులో అది ఆఫ్‌లో ఉంది, "చెకౌట్‌లో కస్టమర్లు మధ్యలో వదిలేస్తున్నారు" అని. వదిలేసేవాళ్ళు ఉంటారు, నిజమే. అందుకని అందరికీ కాకుండా, ₹15,000 దాటిన ఆర్డర్లకూ మొదటిసారి కొనేవాళ్ళకూ ఆన్ చేయించాం. త్రీడీ సెక్యూర్ కాపాడేది 10.4, 4837 లాంటి మోసం కోడ్ల నుంచే. "రంగు వేరుగా ఉంది" అనే 13.3కి అది ఏమీ చేయదు.

₹14,200: మోసం కోడే, కానీ మోసం కాదు

ఇదీ 10.4. ఇదీ ఓటీపీ లేని అమెరికా కార్డే. పై కేసుకూ దీనికీ కోడ్‌లో తేడా లేదు, లాగ్‌లో ఉంది. సెప్టెంబరు 25న గద్వాల్ చీర కొన్నావిడ పాత కస్టమర్. అంతకుముందు నాలుగుసార్లు కొన్నారు, ఎప్పుడూ పేచీ లేదు.

ఇలాంటి చోట వీసాకు ప్రత్యేక నియమం ఉంది, కంపెలింగ్ ఎవిడెన్స్ 3.0. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అదే కార్డు మీద, డిస్ప్యూట్ వేసిన తేదీకి 120 రోజుల ముందు నుంచి 365 రోజుల లోపు జరిగిన రెండు పాత కొనుగోళ్ళు చూపాలి. వాటి మీద మోసం ఫిర్యాదు ఉండకూడదు. ఆ రెండిటికీ, ఇప్పటి ఆర్డరుకూ కనీసం రెండు వివరాలు కలవాలి: లాగిన్ ఐడీ, డెలివరీ చిరునామా, ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు), డివైస్ ఐడీ (ఫోన్ లేదా కంప్యూటర్ గుర్తు). ఆ రెండిట్లో ఒకటి ఐపీ గానీ డివైస్ ఐడీ గానీ అయి తీరాలి. ఇవి కుదిరితే నష్టం ఇష్యూయింగ్ బ్యాంకుదే.

లెక్క వేసి చూపిస్తే సులువు. డిస్ప్యూట్ తేదీ నవంబరు 10, 2025. 120 రోజులు వెనక్కి వెళ్తే జూలై 13. 365 రోజులు వెనక్కి వెళ్తే నవంబరు 10, 2024. ఈ మధ్యలో పడ్డ ఆర్డర్లే పనికొస్తాయి. పాతవి నాలుగు: జనవరి 14, మే 2, జూన్ 18, జూలై 30. జూలై 30ది మరీ కొత్తది, పోయింది. జూన్ 18ది తేదీ ప్రకారం సరిపోతుంది గానీ అది వాట్సాప్‌లో మాట్లాడుకుని పేమెంట్ లింక్ పంపిన ఆర్డరు. షాపు సైటులో లాగిన్ లేదు, ఐపీ నమోదు కాలేదు. అదీ పోయింది. మిగిలినవి జనవరి, మే. రెండూ సైటులో చేసినవి, ఒకే ఐపీ, ఒకే లాగిన్, ఒకే ఇంటి చిరునామా. కావాల్సినవి సరిగ్గా రెండే, దొరికినవీ రెండే.

చీరల వ్యాపారంలో వాట్సాప్ ఆర్డర్లు ఎంత ముఖ్యమో తెలియనిది కాదు. వీడియో కాల్‌లో కొంగు చూపించి, లింకు పంపి, డబ్బు తీసుకోవడమే చాలామంది పద్ధతి. కానీ ఆ ఆర్డరుకు రేపు సాక్ష్యం ఉండదు. లింకు పంపేటప్పుడు గేట్‌వే పేజీ లింకు బదులు సైటులోని ఆ చీర పేజీ లింకే పంపి, లాగిన్ అయి కొనమని చెబితే ఈ లోటు తీరుతుంది.

జవాబు దాఖలు చేస్తూనే కస్టమర్‌కు ఒక మెసేజ్ పెట్టించాం. బెదిరింపు లేదు, నింద లేదు:

"నమస్తే మేడమ్. సెప్టెంబరు 25న మీరు తీసుకున్న గద్వాల్ చీర తాలూకు ₹14,200 మీ స్టేట్‌మెంట్‌లో వేరే పేరుతో కనబడి ఉంటుంది. అది మా జీఎస్టీ ఫర్మ్ పేరు. మీ బ్యాంకు నుంచి డిస్ప్యూట్ వచ్చింది. పొరపాటున వేసి ఉంటే బ్యాంకుకు ఫోన్ చేసి విత్‌డ్రా చేయమని చెప్పి, వాళ్ళిచ్చే లెటర్ మాకు పంపగలరా? చీరతో ఇంకేదైనా ఇబ్బంది ఉంటే చెప్పండి, చూసుకుంటాం."

ఆవిడ భర్త స్టేట్‌మెంట్‌లో తెలియని పేరు చూసి డిస్ప్యూట్ నొక్కారని గంటలో జవాబు వచ్చింది. లెటర్ కూడా వచ్చింది. ఒక హెచ్చరిక: కస్టమర్ "విత్‌డ్రా చేశాను" అన్నంత మాత్రాన జవాబు ఆపకూడదు. బ్యాంకు లోపల ఆ ఫైలు మూసే లోపు మీ గడువు దాటితే డబ్బు పోయినట్టే. ఆధారాలూ లెటరూ కలిపి దాఖలు చేయాలి. ఇది గెలిచాం.

అసలు జబ్బు స్టేట్‌మెంట్‌లో పడే పేరు. షాపును అందరూ ఒక పేరుతో పిలుస్తారు, కార్డు బిల్లులో యజమాని ఫర్మ్ పేరు పడుతుంది. గేట్‌వేకు రాసి ఆ పేరును, అంటే బిల్లింగ్ డిస్క్రిప్టర్‌ను, మార్పించడానికి ఒక ఈమెయిల్ చాలు.

సుంకం గొడవ: ఒకే కోడ్, రెండు నిర్ణయాలు

800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29న అన్ని దేశాలకూ ఎత్తేసింది. అంతకు రెండు రోజుల ముందే మన సరుకుల్లో చాలావాటి మీద అదనపు సుంకం 50 శాతానికి చేరింది. అప్పటిదాకా ఇంటికి నేరుగా వచ్చిన చీరకు కొరియర్ వాళ్ళు ఫోన్ చేసి సుంకం కట్టమన్నారు. చాలామంది కట్టలేదు. పార్సిల్ ఆగిపోయింది, ఆ తర్వాత 13.1 వచ్చింది: "సరుకు అందలేదు".

ఈ ఫైలులో అలాంటివి రెండు. వీసా నిబంధనల్లో, కార్డుదారు దేశపు కస్టమ్స్ దగ్గర సరుకు ఆగి ఉంటే 13.1 చెల్లదు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని రెండూ కంటెస్ట్ చేద్దామనిపిస్తుంది. ముందు ఆర్డరు రోజున సైటులో ఏముందో చూశాం.

మొదటిది ₹11,800 నారాయణపేట పట్టు, సెప్టెంబరు 3 ఆర్డరు. ఆ రోజు చెకౌట్ పేజీలో "ఉచిత షిప్పింగ్, అన్ని పన్నులతో కలిపి" అని ఇంకా అలాగే ఉంది. కొత్త సుంకం మొదలై ఐదు రోజులైంది, పేజీ ఎవరూ మార్చలేదు. కస్టమర్ కట్టనన్నది న్యాయం. నిబంధన ఆసరాతో ఒక మెట్టు గెలిచినా, ఆ స్క్రీన్‌షాట్ ఆవిడ దగ్గర ఉంటే తర్వాతి మెట్టులో ఓడతాం. లేకపోయినా షాపు మాట తప్పినట్టే. ఒప్పుకున్నాం, క్షమాపణ చెబుతూ ఈమెయిల్ పెట్టించాం. కొరియర్‌కు పార్సిల్ వెనక్కి పంపమని అదే రోజు రాతపూర్వకంగా చెప్పించాం. చెప్పకపోతే అది అక్కడే వదిలేసిన సరుకు కింద పోతుంది.

రెండోది ₹13,400 పోచంపల్లి సింగిల్ ఇక్కత్, సెప్టెంబరు 26. సెప్టెంబరు 20న పేజీ మారింది: "అమెరికా దిగుమతి సుంకం ధరలో లేదు, కొరియర్‌కు మీరే చెల్లించాలి" అన్న వాక్యం, దాని పక్కన టిక్ బాక్స్. టిక్ చేయకుండా ఆర్డరు ముందుకు పోదు. ఇది కంటెస్ట్ చేశాం. పెట్టినవి నాలుగే: టిక్ బాక్స్‌తో చెకౌట్ పేజీ, ఆ ఆర్డరులో టిక్ నమోదైన సమయం, కొరియర్ వాళ్ళు కస్టమర్‌కు సుంకం కోసం పంపిన మూడు నోటీసుల కాపీలు, పార్సిల్ కస్టమ్స్ దగ్గర ఆగినట్టు కొరియర్ ఇచ్చిన లెటర్. గెలిచాం.

తర్వాత ఆ పార్సిల్ కూడా షాపుకు తిరిగొచ్చింది. చీరా మనదే, డబ్బూ మనదే అనుకోవడం దారుణం. పాలసీలో రాసి ఉన్న ప్రకారం రాను పోను కొరియర్ ఖర్చు మినహాయించి మిగిలింది రీఫండ్ చేయించాం. డిస్ప్యూట్ మూసేశారని ఖాయం చేసుకున్నాకే.

₹22,600: ఓడిపోయినది

13.3. "ఫొటోలో నెమలికంఠం రంగు, వచ్చింది ముదురు ఆకుపచ్చ. అంచు దగ్గర నేత లోపం." షాపు దగ్గర మంచి ఆధారాలే ఉన్నాయి. సిల్క్ మార్క్ లేబుల్ ఉంది, ప్యాకింగ్ వీడియో ఉంది, చేనేతలో రంగు కొంచెం తేడా రావచ్చన్న గమనిక పేజీలో ఉంది. 13.3లో కార్డుదారు సరుకు తిరిగి పంపి ఉండాలి, లేదా పంపడానికి ప్రయత్నించి ఉండాలి. చీర తిరిగి రాలేదు. ఇదే మా ప్రధాన వాదన.

ఇష్యూయింగ్ బ్యాంకు ప్రీ ఆర్బిట్రేషన్‌కు, అంటే మన జవాబును ఒప్పుకోకుండా తిరిగి ప్రశ్నించే మెట్టుకు, వచ్చింది, ఒకే ఒక్క కాగితంతో. అది వాట్సాప్ స్క్రీన్‌షాట్. అక్టోబరులో కస్టమర్ రాసిన మెసేజ్: "తిరిగి పంపడానికి అడ్రస్ పంపండి." రెండు నీలం టిక్కులున్నాయి. జవాబు లేదు. పండగ రద్దీలో షాపు మెసేజ్ చదివింది, తర్వాత రాద్దామనుకుంది, మర్చిపోయింది. అడ్రస్ అడిగితే ఇవ్వకపోవడమంటే, తిరిగి పంపే ప్రయత్నాన్ని షాపే అడ్డుకున్నట్టు. వాదన అక్కడే కూలింది.

మేం చూసిన చాట్ ఎగుమతిలో ఆ మెసేజ్ లేదు. షాపులో రెండు ఫోన్లున్నాయి, అది రెండో నంబరుకు వచ్చింది. కంటెస్ట్ చేసే ముందు షాపుకున్న ప్రతి నంబరు, ప్రతి ఇన్‌బాక్స్, ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్‌లు కూడా వెతకాలి. మీకు అనుకూలమైనవాటి కోసం మాత్రమే కాదు, మీకు వ్యతిరేకమైనవాటి కోసం ఎక్కువగా.

ఇంకా ముందుకెళ్తే ఆర్బిట్రేషన్. అక్కడ కార్డు నెట్‌వర్క్ తీర్పు చెబుతుంది, ఓడినవాళ్ళ మీద ఫీజులు వందల డాలర్లలో పడతాయి. ₹22,600 అంటే అప్పటి మారకంలో సుమారు 255 డాలర్లు. బలమైన కేసైనా ఆ మొత్తానికి ఆర్బిట్రేషన్ గిట్టదు, ఇదేమో బలమైనది కాదు. ఆపేశాం.

₹6,400: పది నిమిషాల పని

నారాయణపేట కాటన్, కస్టమర్ రద్దు చేసుకున్నారు, షాపు రీఫండ్ ఇచ్చింది, ఆయన స్టేట్‌మెంట్‌లో చూసుకోలేదు. 13.6. రీఫండ్ తేదీ, మొత్తం, 23 అంకెల ఏఆర్ఎన్ (ఆ రీఫండ్‌ను గుర్తించే రిఫరెన్స్ నంబరు) పెడితే చాలు. ఆ నంబరుతో ఇష్యూయింగ్ బ్యాంకు తన దగ్గరే డబ్బు ఎక్కడుందో వెతుక్కోగలదు. రీఫండ్ చేసిన రోజే ఏఆర్ఎన్ కస్టమర్‌కు పంపి ఉంటే ఈ డిస్ప్యూట్ పుట్టేది కాదు.

జవాబు కాగితం ఎలా ఉండాలి

అటువైపు చదివేవాళ్ళకు మీ కేసుకు కేటాయించే సమయం నిమిషాల్లో ఉంటుంది. మొదటి పేజీలోనే తేలిపోవాలి. పైన ఆర్డరు నంబరు, తేదీ, మొత్తం, కార్డు చివరి నాలుగంకెలు. తర్వాత కస్టమర్ ఆరోపణ ఒక వాక్యం. దానికి జవాబు రెండు వాక్యాలు. ఆ తర్వాత ఆధారాలు, ఒక్కోదానికీ నంబరు, అది ఏం రుజువు చేస్తుందో ఒక్క లైను. కస్టమర్ స్వభావం గురించి ఒక్క మాట కూడా వద్దు.

తెలుగు షాపులు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది చాట్‌లు. "అక్కా చీర వచ్చింది, సూపర్ ఉంది" అన్న మెసేజ్ మీకు బంగారం లాంటి సాక్ష్యం. అమెరికా బ్యాంకులో కూర్చున్నవాళ్ళకు అది తెలుగు లిపిలో ఉన్నా, ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నా అర్థం కాదు. ప్రతి స్క్రీన్‌షాట్ కింద ఇంగ్లిష్ అనువాదం, తేదీ, ఎవరు ఎవరికి రాశారో రాయాలి. కస్టమర్ ఫోన్ నంబరు ఆర్డరులో ఉన్న నంబరే అని కూడా చూపాలి.

లింకులు పెట్టకండి, ఎవరూ తెరవరు. ట్రాకింగ్ పేజీని ఫొటో తీసి పీడీఎఫ్‌లో అతికించండి. వీడియోలోంచి రెండు మూడు ఫ్రేములు తీసి పెట్టండి. కాగితం నలుపు తెలుపులో ప్రింటు తీసి చూడండి. పసుపు రంగుతో హైలైట్ చేసింది కనిపించకుండా పోతే, గడి గీసి చూపండి. డెలివరీ ప్రూఫ్‌లో ఊరి పేరు మాత్రమే ఉంటే సరిపోదు. పూర్తి చిరునామాతో లెటర్ కావాలని కొరియర్‌ను డిస్ప్యూట్ వచ్చిన రోజే అడగండి, అది రావడానికే రోజులు పడుతుంది.

లెక్క

గెలిచినవి ₹34,000, ఒప్పుకున్నవి ₹50,300, ఓడింది ₹22,600. ఒక జవాబు తయారు చేయడానికి మూడు గంటలు, గంటకు ₹250 అనుకుంటే ₹750 ఖర్చు. నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్న ₹6,400 కేసు కూడా సగటున ₹1,600 తెస్తుంది. అంటే చీరల ధరల్లో శ్రమ ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. ₹1,200 వస్తువులు అమ్మేవాళ్ళకు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, వాళ్ళు ఆధారం చేతిలో సిద్ధంగా ఉన్నవే కంటెస్ట్ చేయాలి.

కంటెస్ట్ చేసి గెలిచినా డిస్ప్యూట్ల సంఖ్యలోంచి అది తగ్గదన్నది చాలామందికి తెలియదు. మాస్టర్‌కార్డ్ ఒక నెల వచ్చిన ఛార్జ్‌బ్యాక్‌లను ముందు నెల లావాదేవీలతో భాగిస్తుంది. ఛార్జ్‌బ్యాక్‌లు వందకు చేరి, నిష్పత్తి 1.5 శాతం తాకితే షాపు నిఘా జాబితాలో పడుతుంది. ఈ షాపు ఆ సంఖ్యకు దరిదాపుల్లో లేదు. కానీ గేట్‌వేలు అంతకంటే చాలా ముందే భయపడి సెటిల్‌మెంట్ ఆపేయగలవు.

యూపీఐ విషయం వేరు. అక్కడ డబ్బు ఆగడానికి ఛార్జ్‌బ్యాకే కారణం కానక్కర్లేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎవరో ఫిర్యాదు చేసి, ఆ డబ్బు చేతులు మారిన గొలుసులో మీ ఖాతా ఉంటే బ్యాంకు ఆ మొత్తాన్ని లీన్‌లో పెడుతుంది, అంటే మీరు వాడకుండా ఆపుతుంది. ఈ రీజన్ కోడ్‌లేవీ అక్కడ పనిచేయవు. ఫిర్యాదు నంబరు బ్యాంకు నుంచి తీసుకుని, బిల్లు, డెలివరీ ప్రూఫ్‌తో దర్యాప్తు అధికారికి రాయాలి.

షాపులో నెల తిరిగేలోగా మారినవి: డిస్క్రిప్టర్ మారింది. విదేశీ కార్డులకు త్రీడీ సెక్యూర్ పైన చెప్పిన హద్దుల్లో ఆన్ అయింది. ఒకే ఆర్డరుకు మూడు కార్డులు ప్రయత్నిస్తే ప్యాకింగ్ ఆపి ఫోన్ చేస్తున్నారు. రెండు ఫోన్ల మెసేజ్‌లూ ఒకే ఇన్‌బాక్స్‌కు వస్తున్నాయి, "రిటర్న్" అన్న మాట ఉంటే అదే రోజు అడ్రస్ వెళ్తోంది. చెకౌట్ పేజీలో ఏ మార్పు చేసినా ఆ రోజు తేదీతో స్క్రీన్‌షాట్ దాస్తున్నారు. పట్టుచీరల ఫొటోలు ట్యూబ్‌లైటు కింద మానేసి ఉదయం తొమ్మిదిలోపు వరండాలో తీస్తున్నారు, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి.